‘ఫియర్ ఆఫ్ మ్యూజిక్’: నగరభయానికి తాళం కట్టిన నలభై నిమిషాలు

‘సిటీస్’ అనే పాట నిశ్శబ్దంలోంచి మెల్లగా పైకి తేలుతుంది. అది మన చెవిన పడేసరికే వాయిద్యం మంచి జోరు మీద ఉంటుంది, ఎక్కడో సైరన్ మోగుతుంటుంది. కదిలిపోతున్న బస్సు ఫుట్‌బోర్డు మీదికి ఎగిరి ఎక్కినట్టు ఆ పాటలోకి ఎక్కాలి. నాలుగు నిమిషాల తర్వాత కూడా అది ఆగదు, మనకు దూరమైపోతుందంతే. ఈలోగా ఒక మనిషి తాను ఉండటానికి తగిన ఊరు వెతుక్కుంటూ పేర్లు చదువుతుంటాడు. లండన్, బర్మింగ్‌హామ్, ఎల్ పాసో, మెంఫిస్. ఒక్కో ఊరికీ మంచీ చెడూ లెక్క కడతాడు. బర్మింగ్‌హామ్‌లో డబ్బున్నవాళ్లు ఎక్కువట, అక్కడి డ్రై ఐస్ ఫ్యాక్టరీ కూర్చుని ఆలోచించుకోవడానికి మంచి చోటట. ఎంత లెక్క కట్టినా ఏ ఊరూ ఖాయం కాదు.

అమెరికా బ్యాండ్ టాకింగ్ హెడ్స్ 1979 ఆగస్టు 3న విడుదల చేసిన మూడో ఆల్బమ్ ‘ఫియర్ ఆఫ్ మ్యూజిక్’లో ఇది నాలుగో పాట. సైర్ రికార్డ్స్ తెచ్చిన ఆ ఆల్బమ్‌ను బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో బ్యాండుతో కలిసి ప్రొడ్యూస్ చేశాడు. మొత్తం 11 పాటలు, 40 నిమిషాల 40 సెకన్లు. నగరంలో బతికే మనిషి కంగారును ఇంత దగ్గరగా పట్టుకున్న ఆర్ట్ రాక్ (ప్రయోగాలు చేసే రాక్) ఆల్బమ్‌లు చాలా తక్కువ. అయినా మొదటిసారి విన్నవాళ్లు చాలామంది దీన్ని సగంలో వదిలేస్తారు. వాయిద్యం వింటే కాలు ఊరుకోదు, పాడేవాడేమో గాలి అంటే భయం, కాగితం అంటే అనుమానం, జంతువులంటే ఉక్రోషం అంటుంటాడు. ఇది వేళాకోళమా, నిజంగా అంటున్నాడా, మతి చలించిందా అన్నది తెలియదు. ఆ తెలియకపోవడం వినేవాళ్ల లోపం కాదు. ఆల్బమ్‌ను కట్టిన తీరే అంత. ఆ కట్టుబడి అర్థమైతే మిగతాది తేలిగ్గా విడిపోతుంది.

ముందు ఊరి సంగతి. టాకింగ్ హెడ్స్‌లో గాయకుడు, గిటారిస్టు డేవిడ్ బర్న్, డ్రమ్మర్ క్రిస్ ఫ్రాంట్జ్, బేస్ గిటారిస్టు టీనా వేమత్ రోడ్ ఐలండ్‌లోని డిజైన్ కాలేజీలో పరిచయమైనవాళ్లు. న్యూయార్క్ చేరి 1975 జూన్‌లో బౌరీ వీధిలోని సీబీజీబీ అనే చిన్న క్లబ్బులో రమోన్స్ బ్యాండుకు ముందు తొలి కచేరీ ఇచ్చారు. కీబోర్డు, గిటార్ వాయించే జెర్రీ హారిసన్ 1977లో కలిశాడు. బ్యాండు తొలి కచేరీ ఇచ్చిన ఏడాదే న్యూయార్క్ నగరపాలన దివాలా అంచుకు వెళ్లింది. వేలాదిమంది మున్సిపల్ ఉద్యోగులను తీసేశారు. 1977 జూలై 13 రాత్రి నగరమంతా కరెంటు పోయింది, తెల్లవార్లూ దుకాణాల లూటీలు సాగాయి. 1970లో 78.9 లక్షలున్న జనాభా 1980 లెక్కలకు 70.7 లక్షలకు పడిపోయింది. అంటే పదేళ్లలో ఎనిమిది లక్షలకు పైగా తగ్గింది. ఆల్బమ్ రికార్డింగుకు నాలుగు వారాల లోపే, 1979 మార్చి 28న, పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. గాలిని నమ్మలేకపోవడం ఆ వసంతంలో పాటల్లో మాత్రమే ఉన్న సంగతి కాదు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఊరు ఖాళీ అవుతోంది కాబట్టే ఈ నలుగురికీ చోటు దొరికింది. ఫ్యాక్టరీలు మూతపడ్డ భవనాల్లో పెద్ద పెద్ద హాళ్లు చవగ్గా అద్దెకు దొరికేవి. వాటినే లాఫ్టులు అంటారు. ఫ్రాంట్జ్, వేమత్ దంపతులు ఈస్ట్ రివర్ అవతల, క్వీన్స్ ప్రాంతపు లాంగ్ ఐలండ్ సిటీలో అలాంటి లాఫ్టులో ఉండేవాళ్లు. బ్యాండు సాధన చేసేది అక్కడే. భయపెట్టిన నగరమే కడుపులో చోటిచ్చి వాయించుకోనిచ్చింది. ఈ ఆల్బమ్‌లో నగరం మీద ద్వేషం వినపడకపోవడానికి అదొక కారణం అనిపిస్తుంది. పాడేవాడు పారిపోవాలనుకుంటాడు, కానీ పారిపోయేదీ ఇంకో నగరానికే.

రికార్డింగ్ కూడా ఆ ఇంట్లోనే మొదలైంది. 1979 ఏప్రిల్ 22, మే 6. రెండూ ఆదివారాలే. రికార్డ్ ప్లాంట్ స్టూడియో వాళ్ల రికార్డింగ్ ట్రక్కును ఇంటి బయట నిలిపి, కిటికీలోంచి కేబుళ్లు లోపలికి లాగారు. నలుగురూ తమకు అలవాటైన గదిలో, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, కలిసి వాయించారు. ఆ రెండు రోజుల్లో మూల ట్రాకులు పూర్తయ్యాయి. తర్వాత న్యూయార్క్ స్టూడియోల్లో గొంతులు, అదనపు వాద్యాలు, ఈనో చేసే శబ్దమార్పులు చేరాయి. ఈ క్రమం మనకెందుకంటే, ఆల్బమ్‌లోని రెండు పొరలు అక్కడే విడిపోయాయి. కింద ఉన్నది నలుగురు మనుషులు ఒక గదిలో హాయిగా, ధీమాగా వాయించిన లయ. పైన ఉన్నది తర్వాత స్టూడియోలో చేరిన గొంతు, దాని చుట్టూ ముసిరిన వింత శబ్దాలు. కొన్ని పాటలకైతే వాయిద్యం ముందు పుట్టి, మాటలు తర్వాత వచ్చాయి.

భయం ఉన్నది ఈ రెండు పొరల మధ్య సందులో. ఫ్రాంట్జ్ డ్రమ్స్ విన్నారంటే హడావుడి ఉండదు. గొప్ప కోసం వేసే ముక్తాయింపులు ఉండవు, దెబ్బ పడాల్సిన చోట పడుతుంది. వేమత్ బేస్ ఒక చిన్న పదబంధాన్ని పట్టుకుని వదలదు. ఈ ఇద్దరినీ మాత్రమే వింటే ఈ లోకంలో ఏ సమస్యా లేదనిపిస్తుంది. దాని మీద బర్న్ గొంతు చూడండి. మింగుడు పడనట్టు ఆగుతుంది, మాట మధ్యలో పైస్థాయికి ఎగిరి కీచుమంటుంది, వాక్యం అయ్యాక కూడా ఏదో అనబోయి మానుకుంటుంది. శరీరం తాళంలో నడుస్తోంది, తల మాత్రం అదిరిపోతోంది. సాయంత్రం ఆరున్నరకు కిక్కిరిసిన సిటీ బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డ మనిషి బయటికి ఎంత మామూలుగా కనిపిస్తాడో, లోపల ఎన్ని లెక్కలు వేసుకుంటుంటాడో తలచుకుంటే ఇదేమిటో వెంటనే తెలుస్తుంది. గొంతుతో పాటు డ్రమ్స్ కూడా కంగారు పడి ఉంటే ఇది మామూలు పంక్ ఆల్బమ్ అయ్యేది. గొంతు కూడా నిబ్బరంగా ఉంటే మంచి డాన్సు ఆల్బమ్ అయ్యేది.

రెండో కీలకం పాడేవాడు ఎవరన్నది. ఈ పాటల్లోని ‘నేను’ను డేవిడ్ బర్న్ అనుకుంటే చిక్కుల్లో పడతాం. మనకు బాగా తెలిసిన పద్ధతి ఒకటుంది కదా, ఏకపాత్రాభినయం. స్కూలు వార్షికోత్సవంలో దుర్యోధనుడి వేషం కట్టిన పిల్లవాడు నిజంగా సూది మొన మోపినంత నేల కూడా ఇవ్వనివాడని ఎవరూ అనుకోరు. ఇక్కడ ప్రతి పాటా అలాంటిదే. ఒక మనిషికి ఒకే ఒక్క విషయం పట్టుకుంటుంది, అతను మన ఎదుట నిలబడి తన వాదన వినిపిస్తాడు. పేర్లు చూడండి: మైండ్, పేపర్, సిటీస్, ఎయిర్, హెవెన్, యానిమల్స్, డ్రగ్స్. మనసు, కాగితం, ఊళ్లు, గాలి, స్వర్గం, జంతువులు, మత్తుమందులు. బీరువాలో ఫైళ్ల మీద అంటించిన చీటీల్లా ఉంటాయి. ఒక్కో ఫైలు తెరిస్తే ఒక్కో మనిషి ఫిర్యాదు.

వాక్యాలు కూడా గమనించదగ్గవే. ఉపమానాలు లేవు, అలంకారాలు లేవు. మూడో తరగతి వాచకంలోని వాక్యాల్లా చిన్నవి, సూటివి, కర్త, కర్మ, క్రియ అంతే. భయపడ్డ మనిషి తనకు తాను ధైర్యం చెప్పుకోవడానికి విషయాన్ని ముక్కలు ముక్కలుగా అప్పజెప్పుకుంటాడు చూడండి, ఆ తీరు. ఇంగ్లీషు పాటల మాటలు పట్టుకోవడం కష్టమనుకునేవాళ్లకు ఇది నిజంగా మంచి ప్రవేశద్వారం, పదాలన్నీ రోజూ వాడేవే.

ఆ వాక్యాలకు ముందు, మొదటి పాటలో అసలు వాక్యమే ఉండదు. ‘ఐ జింబ్రా’కు మాటలు కుదరక ఇబ్బంది పడుతుంటే ఈనో ఒక దారి చూపించాడు. ‘దాదా’ అనే కళా ఉద్యమానికి చెందిన జర్మన్ కవి హ్యూగో బాల్ 1916లో జ్యూరిక్‌లో చదివిన శబ్దకవిత నుంచి మాటలు తీసుకోమన్నాడు. ఏ భాషకూ చెందని అక్షరాల కూర్పు అది. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, అర్థమున్న మాటల మీద నమ్మకం పోయి పుట్టించినది. మన చెవికి దీన్ని అందుకోవడం కష్టం కాకూడదు. తిల్లానాలో జతులు పలికేటప్పుడు ‘తకధిమి’కి అర్థమేమిటని ఎవరం అడగం, అక్షరం తాళానికి ఒంటినిస్తుంది, చాలు. ఈ పాటనూ అలాగే వినాలి. ఇందులో ఆఫ్రికా జెంబే, బ్రెజిల్ సూర్డో, కాంగా డ్రమ్ములు చేరాయి. కింగ్ క్రిమ్సన్ బ్యాండ్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ వాయించిన వేగమైన గిటార్ సన్నటి దారంలా వాటి మధ్య అల్లుకుంటూ పోతుంది. అందరూ కలిసి గుంపుగా పాడతారు. ఆల్బమ్ మొత్తంలో మనిషి ఒంటరిగా లేని పాట ఇదొక్కటే. ఇది ముగియగానే ‘మైండ్’ మొదలై ఒక్క గొంతు మాత్రమే మిగులుతుంది. ఎదుటివాడి మనసు మార్చడానికి కాలం, డబ్బు, మతం, సైన్సు ఏవీ పనికిరావని బతిమాలుకునే గొంతు అది. గుంపులోంచి ఒక్కసారిగా ఒంటరితనంలోకి దిగడం కావాలని చేసిన పని అని నా నమ్మకం. షఫుల్‌లో వింటే ఇది పోతుంది.

‘పేపర్’ చిన్న పాట, కాగితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూసే మనిషిది. దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

ఎక్కువ చెప్పాల్సింది ‘లైఫ్ డ్యూరింగ్ వార్‌టైమ్’ గురించి. బ్యాండుకు బాగా పేరు తెచ్చిన పాటల్లో ఒకటి, విడి పాటగా విడుదలై అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 80వ స్థానం దాకా వెళ్లింది. పార్టీల్లో వేస్తారు. అక్కడే దీన్ని తప్పుగా వింటారు. ఇందులోని మనిషి నగరంలో రహస్యంగా బతుకుతున్న తిరుగుబాటుదారు. ఎవరి మీద తిరుగుబాటో, ఏ యుద్ధమో ఎక్కడా చెప్పడు. చెప్పేదంతా సరుకుల లెక్క. ఆయుధాలు నింపిన వ్యాను ఉంది. పాస్‌పోర్టులు ఒకటికి మించి ఉన్నాయి. వేరుశనగ వెన్న ఉంది, రెండు రోజులకు సరిపోతుంది. స్పీకర్లు లేవు, హెడ్‌ఫోన్లు లేవు, వేసుకోవడానికి రికార్డులు లేవు. ఉత్తరం రాయకూడదు, కిటికీ దగ్గర నిలబడకూడదు. నోటుబుక్కులు తగలబెట్టేశాడు. జుట్టు ఎన్నిసార్లు మార్చాడంటే తన అసలు రూపమేదో తనకే గుర్తులేదు.

ఆ వేరుశనగ వెన్న దగ్గర కాసేపు ఆగాలి. యుద్ధం గురించి పాట రాసే మామూలు కవి రక్తం గురించి రాస్తాడు, జెండా గురించి రాస్తాడు. ఈ మనిషి డబ్బాలో ఎంత మిగిలిందో చూసుకుంటున్నాడు. భయం నిజమైనదని మనల్ని నమ్మించేది ఆ డబ్బానే. కర్ఫ్యూ రోజుల్లో ఇంట్లో పాలు ఎన్ని ఉన్నాయో, బియ్యం ఎన్నాళ్లు వస్తాయో లెక్క చూసుకున్నవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

పల్లవిలో ఇది పార్టీ కాదు, డిస్కో కాదు అంటూ మడ్ క్లబ్, సీబీజీబీ పేర్లు వస్తాయి. రెండూ అప్పటి న్యూయార్క్‌లో నిజంగా ఉన్న క్లబ్బులు, రెండోది వాళ్ల సొంత పుట్టిల్లు. 1979 జూలై 12న చికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల గుట్టను పేల్చేశారు. ఆ వాతావరణంలో మరుసటి నెల వచ్చిన ఈ పల్లవిని డిస్కో మీద దండయాత్రగా తీసుకున్నవాళ్లు ఉన్నారు. అది పొరపాటు. ఈ పాట నడకే డిస్కోకు, ఫంక్‌కు దగ్గరి చుట్టం. నిమిషానికి 130 పైచిలుకు దెబ్బలతో, దాదాపు ఒకే కార్డు (కలిపి మోగించే స్వరాల గుత్తి) మీద చరణాలు గడిచిపోతాయి. కార్డు మారితే పాటకు ఒక మజిలీ దొరికినట్టు, ఊపిరి పీల్చుకునే చోటు వచ్చినట్టు ఉంటుంది. ఇక్కడ దాన్ని దాదాపుగా ఇవ్వలేదు. కదులుతూనే ఉండాలి, చేరేది మాత్రం లేదు. డాన్సంటే ఇష్టమున్న మనిషికి డాన్సు చేసే తీరిక లేకుండా పోయిన పాట ఇది, అందుకే బాధ పెడుతుంది. 1983 డిసెంబరులో హాలీవుడ్‌లో చిత్రీకరించిన వాళ్ల కచేరీ సినిమాలో బర్న్ ఈ పాటకు వేదిక చుట్టూ పరుగులు తీస్తాడు. సరైన వ్యాఖ్యానం అదే.

మొదటి వైపు ‘మెమరీస్ కాంట్ వెయిట్’తో ముగుస్తుంది. తలలో ఆగని విందు, అందరూ వెళ్లిపోయినా వెళ్లని అతిథులు. గొంతుకు పెట్టిన ప్రతిధ్వని చాలా దట్టంగా ఉంటుంది, సొరంగంలో అరిచినట్టు. లయ నిబ్బరం మీద నడిచిన ఆల్బమ్‌లో శబ్దం మొత్తం చీకటిపడేది ఇక్కడ. ఎల్పీ రికార్డుకు ఇక్కడ లేచి వెళ్లి పక్క తిప్పాలి. మొదటి వైపు 21 నిమిషాల చిల్లర, రెండోది 19 నిమిషాల చిల్లర. ఫోన్‌లో వింటున్నా ఇక్కడ ఒక నిమిషం ఆపడం మంచిది. రెండో వైపు వేరే వాతావరణంతో మొదలవుతుంది.

‘ఎయిర్’లో టీనా వేమత్, ఆమె అక్కచెల్లెళ్లు కలిసి ఆ ఒక్క పదాన్నే తీయగా, చల్లగా పాడతారు. ఆ తీపి మధ్యలో ఒకతను తన చర్మానికి ఏమవుతోందో తెలియక, గాలి కూడా హాని చేస్తుందని చెప్పుకుంటాడు. విడుదలైనప్పుడు చాలామంది చెవికి ఇది చాదస్తపు పాట. 2020 తర్వాత విన్నవాళ్లకు అలా వినపడదు. పాట ఒక్క అక్షరం మారలేదు, మన చెవి మారింది.

‘హెవెన్’ను భక్తిగీతంలా విని పొంగిపోయేవాళ్లు, వెటకారంగా విని నవ్వేసేవాళ్లు, రెండు రకాలూ ఉన్నారు. ఈ రెండూ కుదరవు. నెమ్మదైన గమనం, సాదా కార్డులు, దాదాపు ఏ మార్పూ చేయని గొంతు. హెవెన్ అనేది ఒక బారు. అక్కడి బ్యాండు మనకిష్టమైన పాటనే రాత్రంతా వాయిస్తుంది. విందులో అందరూ ఒకేసారి లేచి వెళ్లిపోతారు. ఒక ముద్దు అయిపోయాక మళ్లీ అదే ముద్దు మొదలవుతుంది. ఏమీ జరగని చోటు అది. ముందున్న ఏడు పాటల్లో క్షణం తీరిక లేకుండా ఏదో జరుగుతూ వచ్చింది కాబట్టి, ‘ఏమీ జరగదు’ అన్నమాట ఇక్కడ వరంలా వినిపిస్తుంది, మరుక్షణం శిక్షలా వినిపిస్తుంది. పాటను విడిగా ప్లేలిస్టులో వింటే సగమే అందుతుంది. దాని బలం అది కూర్చున్న వరుసలో ఉంది.

తర్వాత ‘యానిమల్స్’లో జంతువులు తనను చూసి నవ్వుతున్నాయని ఒకతను మండిపడతాడు. ‘ఎలక్ట్రిక్ గిటార్’లో రోడ్డు మీద కారు కింద పడ్డ గిటార్ కథ కోర్టు దాకా పోతుంది. ఆల్బమ్ పేరుకు నేరుగా ముడిపడేది ఇదే, సంగీతమే నేరమైన లోకం. పాటలుగా ఈ రెండూ మిగతావాటి స్థాయికి రావు. ‘హెవెన్’ నుంచి ‘డ్రగ్స్’కు నేరుగా దూకలేం కాబట్టి మధ్యలో ఈ ఎగుడుదిగుడు నేల అవసరమే.

వినే పద్ధతి గురించి ఇక కొన్ని పనికొచ్చే సంగతులు. ఫోన్ స్పీకర్‌లో ఈ ఆల్బమ్ వినవద్దు. బేస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకర్‌కు వంద, రెండొందల హెర్ట్జ్ కింద ఉన్నది సరిగ్గా అందదు. అంటే పైన చెప్పిన రెండు పొరల్లో కింది పొర చాలావరకు మాయమై, అరిచే గొంతే ముందుకొస్తుంది. నచ్చలేదన్నవాళ్లలో ఎందరికో ఇదే జరిగి ఉంటుంది. ఖరీదైన పరికరం అక్కర్లేదు, చెవిలో గట్టిగా కూర్చునే మామూలు వైరు ఇయర్‌ఫోన్ చాలు. సరిగ్గా కూర్చోకపోతే మాత్రం మొదట పోయేది బేసే. యాప్‌లో షఫుల్ తీసేయండి. ఒక పాట చివర మీదికి ఇంకో పాట మొదలు ఎక్కించే క్రాస్‌ఫేడ్ కూడా తీసేయండి, లేకపోతే ‘సిటీస్’ దూరం నుంచి పైకి వచ్చే ఆ కొన్ని సెకన్లు ‘పేపర్’ తోక కింద నలిగిపోతాయి.

2006లో వచ్చిన రీమాస్టర్ ఎడిషన్‌లో నాలుగు అదనపు ట్రాకులున్నాయి: పూర్తికాని పాట ఒకటి, ఉన్న పాటలకే వేరే రూపాలు మూడు. చదువుకునేవాళ్లకు అవి బంగారం. మొదటి పది సార్లు మాత్రం పదకొండో పాట దగ్గర ఆపేయాలి. ఆల్బమ్ అక్కడ అయిపోయింది.

సినిమా పాటకూ, కర్ణాటక సంగీతానికీ అలవాటుపడ్డ చెవి ఇక్కడ ఒక చోట తడబడుతుంది. పాట ముందుకు పోతే బాణీ ఎదుగుతుందని, చరణంలో కొత్త మలుపు తిరుగుతుందని ఎదురుచూస్తాం. ఈ ఆల్బమ్‌లో చాలాచోట్ల బాణీ ఉన్నచోటే ఉంటుంది, దాని చుట్టూ వాద్యాలు వచ్చిపోతుంటాయి. దగ్గరి పోలిక డప్పు. దరువు ఒకటే, దాని లోపల దెబ్బ బరువు, చిటికెన పుల్ల గీరుడు మారుతుంటాయి. వినేవాడి పని ఏది వచ్చి చేరింది, ఏది తప్పుకుంది అని కనిపెట్టడం. దీనికి మంచి సాధన ‘సిటీస్’ను మూడుసార్లు వినడం. మొదటిసారి బేస్ తప్ప ఇంకేదీ పట్టించుకోకండి, దాన్ని నోటితో హమ్ చేయగలిగేదాకా వినండి. రెండోసారి గిటార్, చిక్ చిక్ మని గీకే ఆ పొట్టి దెబ్బలు. తీగను మోగనివ్వకుండా వేలితో అదిమిపట్టి వాయించడం వల్ల ఆ శబ్దం వస్తుంది, అది రాగం కంటే తాళానికి పని చేస్తుంది. మూడోసారి గొంతు. అప్పుడు తెలుస్తుంది, పాట పొడవునా బేస్ దాదాపు అదే మాట చెబుతుంటే గొంతు ఎంత దూరం పోయి చెడిపోయిందో. మాటల కాగితం ఈ మూడూ అయ్యాకే చూడండి. ముందే చూస్తే చెవి చదవడం మొదలుపెడుతుంది, వినడం మానేస్తుంది.

ఎల్పీ చేతికి దొరికితే అట్టను కళ్లతో కాదు, వేళ్లతో చూడాలి. జెర్రీ హారిసన్ రూపకల్పన అది. నల్లటి అట్ట మీద బస్సు మెట్లకూ, లారీ అడుగుకూ వేసే ఎత్తుగీతల ఇనుపరేకు నమూనాను ఉబ్బెత్తుగా అచ్చొత్తారు. న్యూయార్క్ ఫుట్‌పాత్‌ల మీద నేలమాళిగల తలుపులకు వాడేదీ అలాంటి రేకే. కాళ్లు జారకుండా వేసే ఆ రేకును చేతిలో పట్టుకునే వస్తువుగా మార్చారు. ప్యాకేజింగుకు ఇచ్చే గ్రామీ విభాగంలో దీనికి నామినేషన్ కూడా వచ్చింది. స్క్రీన్ మీద చూస్తే ఇదంతా నల్లటి చదరం.

దీన్ని విన్నాక చాలామంది నేరుగా 1980లో వచ్చిన వాళ్ల తర్వాతి ఆల్బమ్ ‘రిమెయిన్ ఇన్ లైట్’కు పోతారు, పోవాల్సిందే. ‘ఐ జింబ్రా’లో తెరిచిన తలుపులోంచి బ్యాండు అటే నడిచింది. కానీ వరుస తిప్పి ముందు అది విని ఇటు వచ్చినవాళ్లకు ఇది బోసిగా, పలచగా వినిపించే ప్రమాదం ఉంది. అది అనేక చేతుల ఆల్బమ్. ఇది ఒక్క మనిషి గదిలో తలుపు వేసుకున్న ఆల్బమ్. పలచదనం దీని స్వభావం.

చివరిగా ‘డ్రగ్స్’, ఐదు నిమిషాల పది సెకన్లు, అన్నిటికంటే పొడవైనది. ఇదే పాటను వాళ్లు అంతకుముందు ‘ఎలక్ట్రిసిటీ’ అనే పేరుతో కచేరీల్లో మామూలు బ్యాండు పాటగా వాయించేవాళ్లు. స్టూడియోలో బర్న్, ఈనో దాన్ని విప్పేశారు. వేగం తగ్గించారు, ఉన్న వాద్యాలను ఒక్కొక్కటిగా తీసేస్తూ వచ్చారు, ఖాళీ అయిన చోట్ల వేరే శబ్దాలు పొదిగారు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో, కోలా అనే జంతువుల సంరక్షణ కేంద్రంలో రికార్డు చేసిన పక్షుల అరుపులు కూడా అందులో ఉన్నాయి. ఇల్లు కట్టి, గోడలు తీసేసి, కిటికీలు మాత్రం గాల్లో నిలబెట్టినట్టు ఉంటుంది ఫలితం. ఇన్ని పాటలుగా మనల్ని మోసుకొచ్చిన ఆ నిబ్బరమైన లయ ఇక్కడ చిల్లులు పడిపోయింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఏమీ ఉండదు, ఏదో రాబోతోందని కాచుకుని కూర్చోవడం తప్ప. రాత్రిపూట, లైట్లు తీసేసి, ఇయర్‌ఫోన్లతో వినాల్సిన పాట ఇది. ఆ ఖాళీల్లో ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి చిన్న చిన్న శబ్దాలు తగులుతుంటాయి.

ఈ పాటలో మాత్రం గొంతు నటన వేరే రకం. ఆయాసం నటిస్తే తెలిసిపోతుందని బర్న్ మైకు ముందుకు వచ్చే ముందు నిజంగానే పరిగెత్తి వచ్చి పాడాడు. హెడ్‌ఫోన్లలో వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆ ఊపిరి స్పష్టంగా వినిపిస్తుంది. తెగిపోయి, మళ్లీ అందుకుని, తర్వాతి మాటకు సరిపోతుందో లేదో తెలియకుండానే మాట మొదలుపెట్టే ఊపిరి.